అంకెల ఆటలో దాగిన సూత్రము
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగము)



ప్రతి సంవత్సరమును ఈ దినమున ఈ వేదికపై నిలిచి పాఠశాల నివేదికను చదువుట నాకు ఆచారము. పరీక్షా ఫలితములు, ఆటలలో వచ్చిన బహుమతులు, దాతల పేరులు అన్నియు ఈసారి అచ్చువేయించి మీ చేతులకే ఇచ్చినాము. కావున వానిని మరల చదివి మీ ఓపికను పరీక్షింపను. అధ్యక్షులవారి అనుమతితో నేడు ఒక ఆటను గూర్చి ముచ్చటింప దలచితిని. ఆట యనగా కబడ్డీ కాదు, ఖోఖో కాదు, అంకెల ఆట. ఆ ఆటలో నేను ఓడిపోయితిని. ముప్పది యేండ్లుగా గణితము బోధించుచున్న నేను, ఎనిమిదవ తరగతి బాలికయెదుట ఓడిపోయితిని. ఆ కథ చెప్పుటకు మొదట సిగ్గుపడితిని గాని, ఆ ఓటమివలన మన పాఠశాలకు సంబంధించిన యొక విషయము నాకు తెలియవచ్చినది. అందుచేత చెప్పక తప్పదు.

జూలై నెలలో ఒకనాడు, బయట వాన. మధ్యాహ్నపు విరామ సమయమున కంప్యూటరు గదిలో సందడి మిక్కుటముగా నుండుటచే మందలించుటకై లోనికి పోయితిని. ఐదారుగురు పిల్లలు ఒక్క తెర చుట్టును మూగియుండిరి. నన్ను చూచి అందఱును లేచి నిలిచిరి. అందొక బాలిక మాత్రము జంకు లేక, "సార్, మీరు గణితం సార్ గదా! గిది జెప్పుండ్రి చూద్దాం" అన్నది.

అది అంతర్జాలములోని ఆట. తెరపై 2, 4, 8 అను మూడు సంఖ్యలు కనబడును. ఆ వరుస ఒక సూత్రమునకు లోబడియున్నది. ఆ సూత్రమేదో ఆడువాడు కనుగొనవలెను. అందుకై తనకు తోచిన మూడు సంఖ్యలను వ్రాసి యంత్రమును అడుగవచ్చును. అవి సూత్రమునకు లోబడినచో 'అవును' అనియు, లోబడనిచో 'కాదు' అనియు అది చెప్పును. ఎన్నిమారులైనను అడుగవచ్చును, అడిగినందుకు మార్కులు పోవు. నమ్మకము కుదిరిన పిమ్మట సూత్రమిది యని వ్రాయవలెను.

నేను కుర్చీలో కూర్చుంటిని. పిల్లలు చూచుచుండగా 3, 6, 12 అని వ్రాసితిని. 'అవును' అని వచ్చినది. 5, 10, 20 వ్రాసితిని. 'అవును.' గురువు గదా, ఇంచుక గాంభీర్యముకొఱకు 100, 200, 400 వ్రాసితిని. 'అవును.' ఇంకేమి కావలెను? "ప్రతి సంఖ్యయు దాని ముందరి సంఖ్యకు రెట్టింపు" అని వ్రాసి, కుర్చీనుండి లేవబోయితిని. తెరపై 'తప్పు' అని వచ్చినది.

నేను యంత్రమును శంకించితిని. అట్టి సమయములలో ఉపాధ్యాయులు చేయు మొదటి పని యదియే. బాలిక మాత్రము ముందుకు వంగి 1, 2, 3 అని కొట్టినది. 'అవును' అని వచ్చినది. రెట్టింపు సూత్రము అక్కడనే కూలిపోయినది. పిమ్మట 8, 4, 2 కొట్టినది. 'కాదు.' 5, 5, 5 కొట్టినది. 'కాదు.' 1, 2, 1000000 కొట్టినది. 'అవును.' అప్పుడా బాలిక, "ఒకదానికంటె ఒకటి ఎక్కువైతె చాలు సార్, ఇంకేం లేదు" అన్నది. అదియే సూత్రము.

నాకును ఆ బాలికకును భేద మెక్కడ నున్నదో చూడుడు. తెలివిలో భేదమున్నదని చెప్పజాలను. నేను మూడు ప్రశ్నలు వేసితిని. మూడింటికిని జవాబు 'అవును' అనియే వచ్చునని వేయకముందే నాకు నమ్మకము. అనగా నేను అడుగుట లేదు, నా మాటను యంత్రముచేత అనిపించుకొనుచున్నాను. ఆ బాలిక వేసిన ప్రశ్నలలో రెండింటికి 'కాదు' అని వచ్చినది. ఆ రెండు 'కాదు'లవలననే సూత్రము యొక్క సరిహద్దు దొరికినది. పొలముగట్టు ఎక్కడ నున్నదో తెలిసికొనవలెనన్న పొలము నడుమ తిరిగిన లాభమేమి? గట్టు దాటి ఒక అడుగు బయట పెట్టి చూడవలెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఆటను గూర్చి వెదకి చదివితిని. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. పీటర్ వేసన్ అను ఆంగ్ల మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు 1960లో దీని ఫలితములను ప్రకటించెను. ఆయన యిచ్చిన సంఖ్యలు 2, 4, 6. దాగిన సూత్రము మాత్రము ఇదియే, పెరుగుచు పోవు మూడు సంఖ్యలు. ఆయన పరీక్షించినవారు 29 మంది. వారిలో ఒక్క తప్పు జవాబైన చెప్పకుండ సరియైన సూత్రమును చేరినవారు ఆర్గురు మాత్రమే. పదుమువ్వురు ఒక తప్పు జవాబు చెప్పిరి. తొమ్మండుగురు రెండో, అంతకు మించియో తప్పులు చెప్పిరి. ఒకరు ఏ జవాబును చెప్పలేకపోయిరి. 2015 జూలైలో అమెరికాలోని న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2, 4, 8 అను సంఖ్యలతో ఈ ఆటను అంతర్జాలములో నుంచెను. ఆడినవారిలో నాలుగింట మూడు పాళ్లకు మించినవారు, ఒక్కసారియైన 'కాదు' అను మాట వినకుండగనే జవాబు చెప్పివేసిరట. అది చదివినపుడు నాకు కొంత ఊరట కలిగినది. నావంటివారు లోకమున ఇందఱున్నారు గదా యనుకొంటిని.

అయితే ఒక్క మాట చెప్పనిచో వేసన్‌గారి ప్రయోగమును అపార్థము చేసికొందుము. 'అవును' అని వచ్చునని తోచిన ప్రశ్నలు వేయుటయే తప్పని అనుకొనరాదు. క్లేమన్, హా అను ఇద్దఱు పరిశోధకులు 1987లో ఈ సంగతి విప్పి చెప్పిరి. మనము ఊహించిన సూత్రముకంటె అసలు సూత్రము ఇఱుకైనదైనచో, మన యూహకు లోబడిన సంఖ్యలను వ్రాసినను 'కాదు' అని వచ్చును. మాటవరుసకు, యంత్రములో దాగినది "సరిసంఖ్యతో మొదలగు రెట్టింపు వరుస" అని యనుకొందము. అప్పుడు నా 3, 6, 12 అను ప్రశ్నకే 'కాదు' అని వచ్చి నా తప్పు వెంటనే తెలిసెడిది. కాని యీ ఆటలో అసలు సూత్రము నా యూహకంటె ఎంతయో విశాలమైనది. నా యూహ దానిలోపలి చిన్న గది. ఆ గదిలో ఎంత తిరిగినను నాకు గోడయే తగులదు. మన యూహ పెద్దదియో, అసలు సూత్రము పెద్దదియో ముందుగా మనకు తెలియదు. అందుచేతనే రెండు విధములైన ప్రశ్నలును వేయవలసియున్నది.

ఒకే వరుసకు పెక్కు సూత్రములు పొసగునని మన ఊరివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. షోలాపూరు చాదరు నేయువారి యిండ్లనుండి వచ్చిన పిల్లలు మన తరగతులలో ఎందఱో కలరు. మన విద్యార్థి తండ్రి యొకాయన జకార్డు మగ్గముపై పనిచేయువాడు. ఒకనాడు ఆయనకు చాదరు ముక్క నొకదానిని చూపి, "ఈ అంచులో రెండు ఎఱుపులు, ఒక తెలుపు, మరల రెండు ఎఱుపులు, ఒక తెలుపు వచ్చినవి. తర్వాత వచ్చునది ఎఱుపే గదా?" అని యడిగితిని. ఆయన నవ్వి, "ముక్క జూసి ఎట్ల జెప్తం సార్? అట్టలు లెక్కపెట్టాలె. ముందర పువ్వుంటదో, నెమలి ఉంటదో" అన్నాడు. మగ్గముపై వరుసగా కట్టిన చిల్లుల అట్టలే ఆ నేతకు సూత్రము. ముక్కలో కనబడునది ఆ సూత్రములో కొంత భాగము. గణితములోనైన, తొలి మూడు నాలుగు పదములు ఇచ్చి "తర్వాతి పదమేది?" అని మేము పరీక్షలలో అడుగు ప్రశ్న, చాదరు ముక్కను చూపి నెమలి యున్నదా అని యడుగుటవంటిదే. నేనీ మాట గణితోపాధ్యాయులందఱి యెదుట చెప్పుచున్నాను, వారు నన్ను క్షమింతురు గాక.

పిల్లలారా, ఇంటికి పోయి ఒక కాగితముపై వృత్తము గీయుడు. దాని పరిధిపై ఒక్క చుక్క పెట్టిన వృత్తములోపల ఒక్కటే భాగము. రెండు చుక్కలు పెట్టి కలిపిన రెండు భాగములు. మూడు చుక్కలు పెట్టి ప్రతి చుక్కను ప్రతి చుక్కతో కలిపిన నాలుగు. నాలుగు చుక్కలకు ఎనిమిది. ఐదు చుక్కలకు పదునాఱు. ఆఱు చుక్కలకు ఎన్ని? ముప్పదిరెండని మీ నోట వచ్చును, నా నోటను వచ్చినది. గీసి లెక్కింపుడు. మూడు గీతలు ఒక్క బిందువున కలియకుండ జాగ్రత్తగా గీసినచో 31 మాత్రమే వచ్చును. ఏడు చుక్కలకు 57. ఐదు సారులు 'అవును' అన్న వరుస ఆఱవసారి 'కాదు' అన్నది. ఇందు మోసమేమియు లేదు. ఈ భాగముల సంఖ్యను నడుపు సూత్రము మొదటినుండియు వేఱు. తొలి ఐదింట మాత్రము రెట్టింపు వేషము వేసికొని నడచినది.

ఇట్టి వేషములకు మహానుభావులును లోబడిరి. ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా 17వ శతాబ్దిలో 3, 5, 17, 257, 65537 అను సంఖ్యల వరుసను పరిశీలించెను. ముందరి సంఖ్యలో ఒకటి తీసివేసి, మిగిలినదానిని దానితోనే గుణించి, మరల ఒకటి కలిపినచో తర్వాతి సంఖ్య వచ్చును. ఈ యైదును ప్రధాన సంఖ్యలే, అనగా ఒకటితోను తమతోను తప్ప మఱి దేనితోను భాగింపబడనివి. వరుసలో తర్వాత వచ్చునవియు అట్టివే యగునని ఆయన నమ్మెను. ఆఱవ సంఖ్య 4294967297. అంత పెద్ద సంఖ్యను చేతితో భాగించి చూచుట కష్టము గదా! 1732లో ఆయిలరు దానిని 641చే భాగించి, శేషము లేకుండ 6700417 వచ్చునని చూపెను. ఒక్క 'కాదు'తో ఆ నమ్మకము ముగిసినది.

ఇక మన రాష్ట్రమువాడే, మావలె బడిపంతులే యైన యొకరిని స్మరింపక ముందుకు పోజాలను. దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకరు నాసికు సమీపమున దేవళాలిలో పాఠశాలోపాధ్యాయుడు. 1905లో పుట్టి 1986లో కీర్తిశేషులైరి. పెద్ద పట్టములు లేవు, విశ్వవిద్యాలయములో ఉద్యోగము లేదు. సంఖ్యలతో ఆడుకొనుటయే ఆయనకు వ్యసనము. 1949లో మద్రాసు గణిత సమావేశమున ఆయన ప్రకటించిన విషయము నేడు లోకమంతటను ప్రసిద్ధము. నాలుగంకెల సంఖ్య నొకదానిని తీసికొనుడు. నాలుగంకెలును ఒక్కటే కారాదు. ఉదాహరణకు 3524. అంకెలను పెద్దనుండి చిన్నకు పేర్చిన 5432, చిన్ననుండి పెద్దకు పేర్చిన 2345. తీసివేసిన 3087. మరల అట్లే 8730లోనుండి 0378 తీసివేసిన 8352. మరల 8532లోనుండి 2358 తీసివేసిన 6174. ఇక ఎన్నిమారులు చేసినను 6174 మాఱదు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినను ఏడు అడుగులకు మించకుండ అక్కడికే చేరుదుము. మూడంకెల సంఖ్యలతో చేసిన 495కు చేరుదుము.

ఈ సంగతి తరగతిలో చెప్పగానే, "అయితే ఐదంకెలకు గూడ ఒక సంఖ్య ఉంటది గదా సార్" అని పిల్లలు ఏకకంఠముగా అందురు. మూడింటికి ఉన్నది, నాలుగింటికి ఉన్నది, ఐదింటికి ఏల లేకపోవలెను? 53955తో చేసి చూడుడు. 95553లోనుండి 35559 పోయిన 59994. దానితో చేసిన 99954లోనుండి 45999 పోయి మరల 53955. అచ్చటనుండి ఇచ్చటికి, ఇచ్చటనుండి అచ్చటికి, గానుగెద్దువలె తిరుగుటయే. ఐదంకెలకు అట్టి నిలుకడ సంఖ్య లేనే లేదు. నాలుగంకెల విషయములో కాప్రేకరుగారి సూత్రము నిలుచుటకు కారణము, అన్ని సంఖ్యలను అడిగి చూచుటకు వీలున్నది. మొత్తము పదివేలకు మించవు. ఐదింటి విషయములో పిల్లలు అడుగకుండగనే చెప్పివేసిరి.

ఇప్పుడొక పాత తప్పు చెప్పుకొనవలెను. చాల యేండ్ల క్రిందట నేనిచ్చిన ప్రశ్నాపత్రములో "2, 4, 8, తర్వాతి సంఖ్యను వ్రాయుము" అను ప్రశ్న యుండెను. ఒక బాలుడు 14 అని వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని. ఆ బాలుడు పత్రము పట్టుకొని వచ్చి, "రెండు కలిపిన, నాలుగు కలిపిన, ఆరు కలిపిన సార్" అన్నాడు. నేనేమంటినో నాకు జ్ఞాపకమున్నది. "పుస్తకములో 16 ఉన్నది, పోయి కూర్చో" అంటిని. వాడు పోయి కూర్చున్నాడు. మరల ఆ సంవత్సరములో నన్ను ఏ ప్రశ్నయు అడుగలేదు. మార్కు ఒక్కటే, దానికేమి? వాడు చూపినది మఱియొక సూత్రము, తప్పు కాదు. వాని యూహను కొట్టివేసి నా యూహకు మార్కు వేసికొంటిని. ఆ బాలుడిపుడు పవర్‌లూము నడుపుకొనుచున్నాడు. క్రిందటి నెలలో కలిసినపుడు ఆ ప్రశ్న గుర్తున్నదా యని యడిగితిని. గుర్తు లేదని చెప్పి, నాకు చాయ తెప్పించెను.

'కాదు' అను మాటకు మన పిల్లలు ఏల భయపడుదురో ఆలోచించినపుడు ఈ సంగతి తట్టినది. వేసన్ ఆటను 1980లో ట్వీనీయు ఆయన సహచరులును కొద్దిగా మార్చి ఆడించిరి. 'సరి', 'తప్పు' అను మాటలను తీసివేసి, లోన రెండు సూత్రములున్నవి, వాని పేరులు 'డాక్స్', 'మెడ్' అని చెప్పిరి. పెరుగు వరుస వ్రాసిన 'డాక్స్' అనియు, మఱి యేది వ్రాసినను 'మెడ్' అనియు జవాబు. ఆట అదియే, ఇచ్చు సమాచారమును అదియే. 'తప్పు' అను మాట మాత్రము లేదు. అంతమాత్రముననే మునుపటికంటె ఎంతయో ఎక్కువమంది మొదటిసారియే సూత్రమును కనుగొనిరి. 'తప్పు' అని వినవలసివచ్చునను శంకతో ఎవరును తొంగిచూడని చోటికి, అది 'మెడ్' అను మఱియొక యిల్లని చెప్పగానే అందఱును పోయి తలుపు తట్టిరి.

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాను. మన పాఠశాల మొదటి తరగతిలో చేరువారి సంఖ్య ఏటేటికి తగ్గుచున్నదని మీకందఱికిని తెలియును. ఏల తగ్గుచున్నది? దానికి మన సభలలో పదేండ్లుగా ఒక్కటే సూత్రము చెప్పుకొనుచున్నాము. ఇంగ్లీషు మీడియము మోజు. నేనును అదియే చెప్పితిని, నివేదికలలో వ్రాసితిని. మీరు అవునంటిరి. ప్రతి సంవత్సరము తల్లిదండ్రుల సభలో "మనవాళ్లు ఇంగ్లీషు బడులకు పోవుచున్నారు గదా" అని యడుగుదుము. అందఱును "అవును సార్" అందురు. ఆ సభకు వచ్చువారెవరు? పిల్లలను మన బడిలోనే ఉంచినవారు. వెళ్లినవారిని గూర్చి వెళ్లనివారిని అడిగితిమి. 3, 6, 12 అని వ్రాసితిమి, 5, 10, 20 అని వ్రాసితిమి. వెళ్లినవారి నడుగుటకు ఒక్కసారియైన వారి గడప త్రొక్కలేదు.

ఆ ఆట ఆడిన రెండు వారములకు, అన్నను మన బడిలో చదివించి తమ్మునినో చెల్లెలినో వేఱు బడిలో వేసిన కుటుంబముల జాబితా వ్రాయించితిని. ఇరువదిమూడు ఇండ్లు తేలినవి. ఆదివారములందు పేటలలో తిరిగి ఇప్పటికి పండ్రెండిండ్లకు పోయితిని.

మొదటి యింటనే నా సూత్రము చెడినది. ఆ పిల్లవానిని వేసినది ఇంగ్లీషు బడిలో కాదు, మూల మలుపున నున్న మరాఠీ బడిలో. తల్లి బీడీలు చుట్టును. "ఆకు తడిపి, కట్టలు కట్టి, కార్ఖానకు ఇచ్చి రావాలె సార్. మీ బడికి పెద్ద రోడ్డు దాటియ్యాలె. దాటిచ్చెటోళ్లు లేరు" అన్నది. రెండవ యింటనైతే నిజముగా ఇంగ్లీషు కొఱకే మానిపించిరి. దాచను, అట్టి యిండ్లు పండ్రెండింట ఐదు కలవు. మఱియొక యింట తండ్రి, "పదో తరగతి దాక తెలుగుల చదివి, తర్వాత కాలేజిల మరాఠీల ఎట్ల చదువుతడు? మా పెద్దోడు ఏడ్సిండు" అన్నాడు. అది మీడియము మోజు కాదు, వంతెన లేని వాగును చూచిన భయము. ఆ వంతెన కట్టవలసినది మనము. తొమ్మిదవ తరగతినుండియే శాస్త్ర పదములను మరాఠీలోను, ఇంగ్లీషులోను ప్రక్కప్రక్కన వ్రాయించి నేర్పవచ్చునని పదేండ్లుగా మనకు తోచలేదు. ఏల తోచును? కారణము మోజేయని తేల్చుకొంటిమి గదా! మోజునకు మందు లేదు.

తొమ్మిదవ యింట వినిన మాట మీ యెదుట చెప్పుటకు నాకు నోరాడుట లేదు. ఆ తల్లి మొదట ఏమియు చెప్పలేదు. మంచినీళ్లిచ్చి, చాయ పెట్టి, "మంచిగనే ఉన్నది సార్ మీ బడి" అన్నది. నేను లేవబోవుచు, "అమ్మా, మంచిగనే ఉన్నదని అందఱును అనుచున్నారు. బాగాలేనిదేదో ఒక్కటి చెప్పు" అని బతిమాలితిని. అప్పుడామె, "మా పోరి ఖిడ్కీ అన్నదట సార్ తరగతిల. కిటికీ అనాలె, నీది ఏం తెలుగు అని నవ్విండ్రట. ఇంటికొచ్చి, నాకు తెలుగు రాదు, నేను తెలుగు బడికి పోనన్నది" అని చెప్పినది.

మన పూర్వులు కరీంనగరమునుండి, వరంగల్లునుండి, నల్లగొండనుండి, పాలమూరునుండి మగ్గములు పట్టుకొని ఈ యూరు వచ్చిరి. తరములుగా మరాఠీవారి నడుమ, కన్నడమువారి నడుమ బ్రతుకుచు తెలుగు నిలుపుకొన్నారు. ఆ తెలుగులో ఖిడ్కీ ఉండక ఏముండును? ఐదేండ్ల పిల్ల యింటినుండి తెచ్చిన మాటను మనము ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. మన పుస్తకములో 'కిటికీ' యున్నది గదా!

ఎవరు నవ్విరని నేనామెను అడుగలేదు. అడిగినచో ఏ పేరు వచ్చునో యని జంకితిని. ఒకటవ తరగతి ఉపాధ్యాయురాలు సెలవులో నున్నపుడు ఆ తరగతికి నేనును పోవుచుందును. కొన్ని దినములు ఆలోచించి, మరల ఆ యింటికి పోయి అడిగితిని. ఆమె తల వంచుకొని, "పెద్దసారే అని చెప్పింది పోరి" అన్నది. నాకు ఆ దినము గుర్తు లేదు. పిల్లకు గుర్తున్నది. ఆ పిల్లను పిలిపింపుమని కోరితిని. వచ్చి తలుపు చాటున నిలిచినది. "ఖిడ్కీ గూడ తెలుగే బిడ్డా, నాదే తప్పు" అని చెప్పితిని. నమ్మినదో లేదో చెప్పలేను. ఆ యేడు అడ్మిషన్లు ముగిసినవి, వచ్చు జూన్‌లో పంపుదురో పంపరో వారి యిష్టము.

కార్యవర్గమువారికి నా మనవి రెండు. మొదటిది, పెద్ద రోడ్డు దాటించుటకు ఉదయము ఒకరిని, సాయంత్రము ఒకరిని నియమింపవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు. మన సిపాయి ఒప్పుకొన్నాడు, ఉపాధ్యాయులు వంతులు వేసికొందురు. రెండవది, తల్లిదండ్రుల సభకు ఇకముందు బడి మాన్పించినవారిని గూడ పిలువవలెను. వారు వచ్చి కఠినముగా మాటలాడినచో అధ్యక్షులవారు గంట కొట్టి కూర్చుండబెట్టరాదు.

ఇంకను పదునొకండు ఇండ్లు మిగిలియున్నవి. వచ్చు ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు పాఠశాల గేటువద్దనుండి బయలుదేరుచున్నాము. ఉపాధ్యాయులలోను, సంఘ సభ్యులలోను రాదలచినవారు పాదరక్షలు గట్టివి వేసికొని రండు, పేటలలో వాననీరు ఇంకను నిలిచియున్నది. ఎనిమిదవ తరగతి ఆ బాలిక తానును వచ్చెదనని చెప్పినది. తండ్రిగారు అనుమతించిరి.